జాడింపు

దినానికి పన్నెండు వందలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే.
పుణె నుంచి వచ్చిన మేడం ఇంగ్లీషును తెలుగు చెయ్యాలె,
మా ఊరి తెలుగును ఇంగ్లీషు చెయ్యాలె.
దామరచర్ల అవతలి సిమెంటు ఫ్యాక్టరీ
నేలతో, నీళ్లతో, గాలితో
ఈ ఏడు ఎంత ఒద్దికగా నడుచుకున్నదో
లెక్కలు చూసి సంతకం పెట్టడానికి వచ్చింది ఆమె.

పొద్దున గేటు లోపల అన్నీ అంకెలే.
టన్ను సిమెంటుకు ఎన్ని కిలోల కార్బన్,
బొగ్గుకు బదులు ఎంత ఊక కాల్చిండ్రు,
వాడిన నీళ్లే మళ్లీ ఎన్నిసార్లు వాడిండ్రు.
పొగగొట్టం మెడకు కట్టిన మీటరు
పావుగంటకోసారి ఒక అంకె పలుకుతది.
మేడం గట్టి మనిషి.
కరెంటు బిల్లు, డీజిలు రసీదు, లారీ తూకం చీటీ
మూడూ పక్కపక్కన పరిచి
రెండుసార్లు ఎక్కిన ఒక లెక్కను
ముల్లు తీసినట్టు బయటికి తీసింది.
మేనేజరు ఏసీ గదిల చెమట తుడుచుకున్నడు.
నాకు ఆమె మీద గౌరవం కలిగింది.
ఇది రాయాలె, రాయకుంటే అబద్ధం.

మధ్యాహ్నం ఊరి అభిప్రాయం.
బత్తాయి తోట అంచున లింగంపల్లి సైదమ్మ
ఎండు మిరపకాయల తొడిమెలు తీస్తున్నది.
దుమ్ము ఎట్లున్నదో అడగమన్నది మేడం.
అడిగిన.

"తగ్గింది బిడ్డా, అబద్ధమెందుకు.
పొద్దుగాల్నె కడవ మీది మూకుడు తుడుస్త.
ఆ గుడ్డను ఎన్ని నీళ్లల్ల జాడిస్తే
తేటనీళ్లు దిగుతయో, గదే నా లెక్క.
లోపల కొత్త సంచులు కట్టకముందు ఆరు.
ఇప్పుడు మూడు.
రాత్రి కరెంటు పోయొస్తే తెల్లారి అయిదు.
నిన్న ఒకటే.
మీరొస్తున్నరని మొన్నటిసంది రోడ్డంత నీళ్లు కొట్టిండ్రు గద."

జాడింపు దగ్గర ఆగిపోయిన.
ఇంగ్లీషుల మాట దొరికింది, కొలత దొరకలేదు.
"ఒక జాడింపు అంటే ఎన్ని లీటర్లు?"
సైదమ్మ చెంబు చూపించింది,
సొట్టపడ్డ ఇత్తడిది, ఆమె అత్తది.
"గుడ్డ ఎప్పుడూ అదేనా?"
"ఎర్రంచు తువ్వాల. ఇది చినిగితె ఇంకో సగం దాసిపెట్టిన."
మేడం నవ్వలేదు. అదీ రాయాలె.
చెంబును తిప్పి తిప్పి చూసింది,
పేజీ నిండ రాసుకున్నది.
అప్పుడే క్వారీల రెండు గంటల పేలుడు.
గాలి ఇటు మళ్లింది.
చేతిరుమాలు మూలతో
ఎడమ కన్ను చాలాసేపు ఒత్తుకున్నది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది.
నున్నటి కాగితం, అట్ట మీద బత్తాయి కొమ్మ,
కడిగి ఫొటో తీసిండ్రేమో, ఆకుల మీద మచ్చ లేదు.
నూట నలభై రెండో పేజీల ఆమె సంతకం,
దాని మీద ఒక వాక్యం:
మేము పరిశీలించిన మేరకు
ఈ లెక్కలు తప్పని తోచే విషయమేదీ
మా దృష్టికి రాలేదు.
దీన్ని పరిమిత హామీ అంటరట.
చాలాసార్లు వెతికిన. అందుల అబద్ధం లేదు.
గొట్టం మెడ కాడి అంకె నిజమే.
సైదమ్మ మూకుడు అక్కడికి రెండు కిలోమీటర్లు.
చెంబు మాత్రం ఎక్కడా లేదు.

చదివి వినిపించిన.
"దృష్టికి రాలేదా?" అన్నది సైదమ్మ,
"కంట్లనే పడె గద!"

తర్జుమా సక్రమంగా చేసినట్టు
నా సంతకమున్న రసీదు నా దగ్గర్నే ఉన్నది.
దాని వెనక తేదీలు రాస్తున్న.
సోమవారం మూడు. మంగళవారం మూడు.
బుధవారం వాన, లెక్క లేదు.
గురువారం నాలుగు, గోడ అవతలి నుంచి ఒర్లి చెప్పింది.
రెండున్నర అయితే ఎట్ల రాయాలె అంటే
"సగం జాడింపు ఉంటదా" అని తిట్టింది.

శుక్రవారం ఆమె బిడ్డ దగ్గరికి మిర్యాలగూడ పోయింది.
నేనే పోయి మూకుడు తుడిచిన,
ఒక చెంబు, రెండు చెంబులు, మూడు, నాలుగు.
ఎక్కడ ఆపాలెనో తెలియలేదు.
తేట అంటే ఏదో
నేనింకా నేర్చుకోలేదు.