దగ్గును కొయ్యని రికార్డు

సిత్రాల రాత్రి రెండయింది.
చిల్లర్ ప్లాంటుల నేను, మూడు కంప్రెసర్లు.
డ్యూటీ దిగుతూ రోడెల్
చెవుల తీగలు నా చేతుల పెట్టిండు:
"విను. మన రాక్షసుడే. ఒక్కడే కూసున్నడు ఈసారి."

రాక్షసుడన్నది మేం పెట్టుకున్న పేరు.
ఇరవై నిమిషాల పాట ఎత్తుకొని
ఏడు దెబ్బల మీద నడిచి, పదకొండుల మునిగి,
అయిదుల తేలేటోడు.
ఎనుక ఇద్దరు డ్రమ్ములోళ్ళు, మెట్లు మెట్లుగ కీబోర్డులు,
పొగ, లైట్లు.
సిరిసిల్ల సాంచాల షెడ్డుల పెరిగిన చెవి నాది,
గా మోత నాకు కొత్త గాదు.
ఇరవై నాలుగు సాంచాలు ఒక్కపారి ఆడుతుంటె
ఏది కుంటుతున్నదో
కండ్లు మూసుకొని చెప్పేటోణ్ని.
అందుకే నచ్చిండు గాయన.
రోడెల్‌కు ఎందుకు నచ్చిండో ఎన్నడు అడగలే.

ఇయ్యాల డ్రమ్ములు లేవు.
కుర్చీ జరిగిన చప్పుడు.
ఆరు తీగలు, అండ్ల మూడు ఒట్టి నైలాను.
గోరుకన్న ముందు వేలి మెత్త తాకుతది,
గది గూడ వినొస్తది.
వేళ్ళు జారితె
తడి అద్దం తుడిచినట్టు చిన్న కీచు.

మొదట్ల కోపమొచ్చింది.
గంత మనిషివి, గింతేనా?
గేజీలు చూసుకుంట, లాగ్ బుక్కుల
ఆరు పాయింట్ రెండు, ఆరు పాయింట్ ఒకటి రాసుకుంట ఉన్న.
మూడో పాట చివర ఎవరో దగ్గిన్రు.
తల ఎత్తిన.

నాలుగోదాన్ని గుర్తువట్టిన.
డ్రమ్ముల కింద పదేండ్లు విన్న పాట.
నువ్వేనా? లోపల గింత సన్నగుంటవా?
బట్టనంత విప్పి
పడుగు ఒక్కటే చూపెట్టిండు.

సగంల తప్పు కొట్టిండు.
ఆగి నవ్విండు. మంది నవ్విన్రు.
రెండడుగులు ఎనుకకు పోయి
తెగిన పోగును ముడేసుకొని నడిచిండు.
గా ముడిని కొయ్యలే రికార్డుల.
మా సేటయితె మీటరుకు పావలా కోసేటోడు.

వయసైనట్టున్నది ఆయనకు.
మూడూ నాలుగూ, మూడూ నాలుగూ,
దెబ్బ లేదు గని బొటనవేలు మరువలే.
రెండో కంప్రెసర్ మోత
ఆయన అయిదో తీగకు ఓ వెంట్రుక తక్కువ.
వాల్వు తిప్పి కలుపుదామా అనుకున్న,
నిజంగనే లేచిన.

ఆఖరు పాట ఆగినంక
చప్పట్లకు ముందు కొంచెం ఖాళీ ఉన్నది.
మల్ల పెట్టి లెక్కబెట్టిన: నాలుగు సెకండ్లు.
ఎవ్వలూ తొందరపడలే.
గదేం ఊరో, గా మంది ఎవరో,
నాలుగు సెకండ్లు వాళ్ళ వరుసల్నే కూసున్న.

అలారం మోగింది. టవర్ల నీళ్ళు తక్కువైనయి.
పోయి వాల్వు తెరిచిన.
ఉప్పుగాలికి నట్లన్నీ తుప్పు,
చేతికి అంటింది.

పొద్దుగాల మెస్సుల రోడెల్ అడిగిండు,
ఎట్లున్నదని.
ఏం చెప్పాల్నో తోచలే.
"ఎవరో దగ్గిన్రు" అన్న.
"ఆ," అన్నడు రొట్టె తుంచుకుంట,
"మూడో పాట చివర."