బయటి పెట్టె

కొర్లగుంటలో నాలుగు వీధుల మీటర్లు నావి.
నెల మొదట్లో మెడలో బిల్లు మిషను తగిలించుకుని
గోడ గోడకీ ముఖం ఆనించి చదువుతాను.
ఇప్పుడు చక్రం తిరగదు,
ఎర్రచుక్క మిణుకుతుంది.
నిదానంగా కొట్టుకుంటే ఫ్యాను,
దడదడలాడితే ఏసీ.
తలుపు తట్టకముందే తెలిసిపోతుంది
ఏ ఇంట్లో ఎంత చల్లగా ఉన్నారో.

చీటీ చించి ఇస్తూ ఒక మాట చెప్పడం అలవాటు:
"ఇరవై ఏడులో పెట్టి పైన ఫ్యాను వేసుకోండి సామీ,
యూనిట్లు తగ్గుతాయి, కొండకీ మేలు."
కొండకి మేలేమిటని ఎవరూ అడగలేదు.
నవ్వి తలుపు వేసుకుంటారు.
లోపలి చలి నా పాదాల మీద
ఒక్క క్షణం పారి తెగిపోతుంది.

పోయిన మే నెలలో మా ఇంటికీ వచ్చింది ఏసీ.
సుబ్బరత్న చీటీ పాడిన డబ్బు.
లీలామహల్ దగ్గర ఆమె దోసెల బండి,
తెల్లారి నాలుక్కి పొయ్యి వెలిగిస్తే
పదకొండు దాకా పెనం ముందే.
కారందోసె తిప్పే చేతి మీద
వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి.

రాత్రి ఆమె పద్దెనిమిది నొక్కుతుంది,
నేను ఇరవై ఏడు.
దిండ్ల కింద రిమోటు కోసం దేవులాట.
ఒకరోజు నోరు జారాను:
"చలి చేసుకుని దుప్పటి కప్పుకోవడమేంది,
ఎండాకాలంలో?"
లేచి కూర్చుంది.
"ఊరందరి లెక్కా రాస్తావు గదా,
పెనం కాడ నాకెన్ని యూనిట్లు తిరిగినాయో
ఏ నెలన్నా చదివినావా?"

నా మిషనులో ఆ చీటీ రాదు.
గోడ వైపు తిరిగి పడుకున్నాను.
రేణిగుంట దిక్కుగా గూడ్సు పోతోంది.
బొగ్గే అయి ఉండకపోవచ్చు,
నిద్ర పట్టనివాడికి ప్రతి గూడ్సూ బొగ్గు బండే.
నలభై వ్యాగన్ల దాకా లెక్కపెట్టి తప్పిపోయాను.

అప్పుడు కరెంటు పోయింది.

మిద్దె ఎక్కాం ఇద్దరం, చెరో చాపా పట్టుకుని.
గచ్చు ఇంకా కాలుతూనే ఉంది.
దూరంగా ఘాట్ రోడ్డు దీపాలు మాత్రం
ఆరలేదు, వంకీలు తిరిగి పైకి పోతున్నాయి.
కింద సందులో పక్కింటి కాంచన,
మెట్టు మీద కూర్చుని
పాత క్యాలెండరు అట్టతో బిడ్డకు విసురుతోంది.
"ఉక్కపోత గదమ్మా, కరెంటు పాయె" అన్నాను.
"లేదన్నా," అంది, తల ఎత్తకుండానే,
"ఇప్పుడే రోంత హాయిగా ఉండాది.
మీ పెట్టె ఆగింది గదా."

మూడడుగుల సందు మాది.
పెట్టె సరిగ్గా ఆమె కిటికీకి ఎదురు.
ఎండలు ముదిరిన కాడి నుంచి
ఆ కిటికీ మూసే ఉందని
ఊరి గోడలన్నీ చదివే నేను చూడలేదు.
మా గదిలోంచి తోడిన వేడి
రాత్రంతా ఆ పసిదాని జోలె మీద పోశాను.
ఆ గాలి ఏ మీటరుకూ ఎక్కదు.

సుబ్బరత్న మాట్లాడలేదు.
ఆదివారం మెకానిక్ గౌస్‌ని తనే పిలుచుకొచ్చి
పెట్టెను మిద్దె మీదికి ఎక్కించింది.
పైపుకీ కూలికీ రెండు వేల ఆరు వందలు,
అన్నీ పిండంటిన పది నోట్లు, ఇరవై నోట్లు.
ఆ రాత్రి తనే ఇరవై అయిదు నొక్కి
రిమోటు నా పొట్ట మీద పడేసింది.
"నీ మాటిని కాదు.
పైపు పొడుగైంది, మిషను అలిసిపోతాది."

వేడి ఎక్కడికీ పోలేదు, నాకు తెలుసు.
మిద్దె మీద నిలబడి కొండ వైపు ఊదుతోంది.
కాంచన కిటికీ ఒక రెక్క తెరిచింది,
రెండోది తుప్పు పట్టి రాలేదట.

ఇప్పుడు చీటీ ఇస్తూ ఇరవై ఏడు అనను.
"మీ బయటి పెట్టె ఎవరి వైపు తిరిగుంది సామీ?"
కొందరు నన్ను ఎగాదిగా చూస్తారు.
ఒక పెద్దాయన మాత్రం చెప్పులేసుకుని
ఇంటి వెనక్కి పోయాడు,
చాలాసేపటికిగాని రాలేదు.

నిన్న మా ఇంట్లో ఇరవై నాలుగు.
బండి కాడ జనం జాస్తిగా ఉన్నారట.
నేనేమీ అనలేదు.