నాలుగో గొర్రె

ఊయెన్ దాటి నలభై కిలోమీటర్లు.
కోత అయిపోయిన గోధుమ మోళ్ళు, ఎర్ర మట్టి,
వాలంటీర్ల అగ్నిమాపక దళం రేకుల షెడ్డు.
వెనక నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే
సిగ్నల్ ఒక్క గీత.

అక్కడ నిలబడి మెర్ల్ హచిన్స్,
దళానికి డెబ్బై రెండేళ్ళ కోశాధికారి,
ఫోను మీద ఎండ పడకుండా టోపీ అడ్డుపెట్టి
గొర్రెల్ని లెక్కపెట్టింది.
గడియారం మీద ఆమెకు నమ్మకం లేదు.
ఒక గొర్రె. రెండు గొర్రెలు.
దడి దాటే గొర్రెకు ఒక సెకను, అటూ ఇటూగా.
పదిహేడు. తెర ఇంకా తెల్లగానే.
ముప్పై ఒకటో గొర్రె దగ్గర
ఈ రోజు గాలి ఎటో, నిప్పు రాజెయ్యొచ్చో లేదో
చెప్పే ఆ ఒక్క వాక్యం దిగింది.

"నిప్పు ఇంతసేపు ఆగదు, హైమా," అంది.

మిల్డ్యూరాలో నా బల్ల మీద
అదే పేజీ రెప్పపాటులో తెరుచుకునేది.
ఎవరి రెప్పపాటు అని
నేనెప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి మోటెల్లో మూట విప్పాను.
ఏడు రకాల అక్షరాల సోకు, వాడింది రెండే.
జారుతూ తిరిగే బొమ్మల వరస,
మూడో బొమ్మ దాకా ఎవరూ ఆగి ఉండరు.
ఎప్పుడో ఎవరో అతికించి వెళ్ళిన లెక్కల స్క్రిప్టు
మూతపడ్డ కంపెనీ తలుపు తడుతూ
పది సెకన్లు గుమ్మంలో నిలబడి,
జవాబు రాక తిరిగొచ్చి,
అప్పుడు గానీ వెనకవాళ్ళకి దారివ్వడం లేదు.
పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనెత్తుకున్నట్టు
ఇన్నేళ్ళూ మోశాం దాన్ని.
పిల్లి ఎప్పుడో చచ్చింది కూడా.

చేటలో పోసి చెరిగాను.
తాలు లేచిపోయింది.
వాక్యాన్ని అన్నిటికన్నా ముందుకు లాగాను,
బొమ్మల్ని చూపు దిగాకే రమ్మన్నాను.

మిగిలింది ఒక్క ఫొటో.
ఎర్ర బండి ముందు పన్నెండు మంది.
గోడంత ఫొటో. అరచేతిలో చూపించడానికి
ఐదు మెగాబైట్లు.
నొక్కాను. నాణ్యత అరవై. యాభై. నలభై.
కంటికి తెలియనిదే పోతుందని
నాకు నేర్పినవాళ్ళు చెప్పారు.
నా కంటికి నిజంగానే తెలియలేదు.

పొద్దున్నే మెట్లెక్కింది మెర్ల్.
ఒక గొర్రె, రెండు,
మూడో గొర్రె కాళ్ళింకా గాల్లో ఉండగానే
వాక్యం, గాలి దిక్కు, బండి, పన్నెండు మందీ.
నేను శభాష్ కోసం నిలబడ్డాను.

ఆమె రెండు వేళ్ళతో ఫొటోను సాగదీసింది.
ఎడమ చివరి మనిషి దగ్గర ఆగింది.
"క్లారీ పై గుండీ.
పసుపు దారం దొరక్క నీలం దారంతో కుట్టాను.
ఆ రోజంతా ఏడిపించారు వాణ్ణి.
నిన్నటి దాకా కనిపించేది."

చూశాను. గుండీ ఉండాల్సిన చోట
పసుపు గళ్ళు నాలుగైదు, ఒకదాన్నొకటి అంటుకుని.
నీలం అన్నది లెక్కలో మిగల్లేదు.
క్లారీ ఎక్కడని నేనడగలేదు.
షెడ్డులో పన్నెండు కొక్కేలు,
పదకొండింటికి శుభ్రమైన హెల్మెట్లు,
చివరిదాంట్లో ఏదో పిట్ట గడ్డి పేర్చుకుంది.
ఎవరూ తీయలేదు.

మెట్ల మీదే కూచుని ల్యాప్‌టాప్ తెరిచాను.
అరవై. డెబ్బై.
ఎనభై రెండు దగ్గర
పోగంత నీలం తిరిగొచ్చింది.

మళ్ళీ లెక్క.
వాక్యం రెండో గొర్రెకే వచ్చేసింది.
ఫొటో నాలుగో గొర్రెకి.

"ఒకటి ఎక్కువైంది," అన్నాను.

"రానీ దాన్ని," అంది మెర్ల్,
ఫోను జేబులో వేసుకుని,
పంపు పనిచేస్తుందో లేదో చూడ్డానికి దిగుతూ,
"ముసలి గొర్రె. మెల్లగా దాటుతుంది."