అరిగిన మీటల డబ్బా

ఎనుమాముల మార్కెట్ రెండో గేటు కాడ
నాలుగడుగుల కొట్టు నాది.
సిమ్ములు, బ్యాటరీలు, వంగిన చార్జర్ పిన్నులు,
సోల్డరు పొగల కలిసిపోయే మిర్చి ఘాటు.

మొన్నొక సారు వచ్చిండు.
మెడల కార్డు, చేతుల ట్యాబు.
"బటన్ ఫోన్లల్ల నెట్టు ఎవరు వాడుతున్నరు,
ఏ యాప్ ఎక్కువ, ఏది తక్కువ,
ఏడాదేడాదికి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా,
శాతాలల్ల చెప్పు" అన్నడు.

శాతాలు నాకు తెల్వవు సార్,
అని బల్ల కింది బిస్కెట్ డబ్బా తీసి
ఆయన ముంగట కుమ్మరించిన.
ఆరేండ్ల సంది మార్చిన కీప్యాడ్లు.
గొర్రెపిల్ల చెవుల్లెక్క మెత్తగ
చప్పుడు లేకుంట పడ్డయ్.

ఇగో, ఇది ఓదెలుది. హమాలి.
కుడి దిక్కు బాణం చూడు,
ఏటి రాయి లెక్క నున్నగయ్యింది.
ధరల పేజీ వాని తెరల పట్టదు.
'తేజ రకం, క్వింటాలు, పద్నాలుగు' దాక కనబడ్తది,
మిగిలిన అంకెలు గోడ అవుతల.
కుడికి, కుడికి, ఇంకింత కుడికి.
మోసే బస్తా వానిది కాదు, ధరా వానిది కాదు.
రైతులు అడుగుతరట, చెప్పకుంటె మంచిగుండదట.
పేజీ తెరుచుకునేలోపు ఒక బీడీ అయిపోతది,
వానొస్తె రెండు.
మీ పట్టికల బీడీల గడి ఉన్నదా సార్?

ఇది కొత్తవాడ తాజొద్దీన్ చాచాది.
జంపఖానాలు నేస్తడు.
స్టారు మీట సగం లేదు, ఒత్తి ఒత్తి.
బొమ్మను పెద్దగ చేస్తడు, ఇంకా పెద్దగ,
పువ్వు పగిలి గడులు గడులు అయ్యేదాక.
మనకైతె అది పాడైన బొమ్మ.
చాచాకు గడి అంటె పోగు.
కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి
ఎర్రవెన్ని, నల్లవెన్ని అని లెక్కబెడ్తడు.
అంత చిన్న తెర కాబట్టే
నేతకు సాపు దొరికిందంటడు.

దీనికి పేరు రాసుకోలె.
అంకెలన్నీ ఒక్క తీరుగ అరిగినయ్.
రిజల్టు నాడు ఎవరిదో హాల్ టికెట్ నంబరు
పొద్దటి సంది రాత్రిదాక.
మళ్ల ఏడాదంత ముట్టనే లేదు.

సారు రాసుకున్నడు:
ధరలు, మోస్తరు. బొమ్మలు, స్వల్పం.

అప్పుడే జమ్లీ వచ్చింది,
తొడిమెలు తీసే చేతులు
కొంగుకు తుడుసుకుంట తుడుసుకుంట.
నడిమి మీట బొక్కపడ్డదన్నది.
ఆ మీట ఒత్తిపట్టి, నోటి కాడ పెట్టుకొని
నాందేడ్ల రోడ్డు పనికి పోయిన చెల్లె సక్రీకి
మాట పంపేది జమ్లీ.
వాళ్ల బాసకు రాత లేదు, గొంతే ఉన్నది.
నాలుగు నెలల కింద
'ఈ ఫోన్ల ఈ యాప్ ఇగ నడువది' అని
ఇంగ్లీషుల రెండు లైన్లు వచ్చినయ్.
చదివి చెప్పింది నేనే.

సారు ఆమె ఫోను అడిగి తీసుకొని చూసిండు.
పోయిన నెల డేటా: సున్నా.
"వాడకం లేదు" అని ట్యాబుల కొట్టిండు.

మరి మీట ఎట్ల అరిగె జమ్లీ, అన్న.

"ఒత్తుతనే ఉన్న" అన్నది.
"పోదని తెల్వదా?"
"తెలుసు.
పొద్దుందాక మిరపకాయల నడుమ కూసుంటె
గొంతు మండుతది.
చెల్లెతోని ఒక్క మాటన్న అనుకోవాలె గద."

సారు వేలు అద్దం మీద ఆగింది.
గడులన్నీ మీదికీ కిందికీ జరిపి చూసిండు.
ఎంత జరిపినా ఆ అద్దానికి
గీత పడది, గుంట పడది.

కొత్త కీప్యాడ్ ఏసిన. నలభై రూపాయలు.
ముప్పయ్యే ఉన్నయ్, రేపిస్తనన్నది.
పోతపోత వెనుకకు తిరిగి
"పాతది నాకియ్యి" అన్నది.
ఆ బొక్క రబ్బరును కొంగుకు ముడేసుకొని
తొడిమెల కుప్ప దిక్కు నడిచింది.

సారు పోయినంక
రాలినవన్నీ ఏరి డబ్బాల ఎత్తిపెట్టిన.
బరువు తేడా ఏం తెల్వలె.
ఒకటి తక్కువ.