అవతల

పనామా రేవులో చెత్తసంచికి నాలుగు డాలర్లు అడిగారు.
అప్పుడు చూడాలి యోరిస్ మొహం,
పంటికింద రాయి పడ్డట్టు.
మా ముప్పై అడుగుల పడవలో
ఈ పద్ధతంతా అక్కడ పుట్టింది.
పుణ్యం కాదు, పిసినారితనం.

బయల్దేరే ముందు గట్టుమీదే కూచుని
అట్టపెట్టెలన్నీ విప్పేశాం.
వాటి మడతల్లో బొద్దింక గుడ్లు
టిక్కెట్టు లేకుండా ఎక్కుతాయి.
బియ్యం డబ్బాలోకి, బిస్కెట్లు గుడ్డసంచిలోకి.
ఖాళీ కవర్లు కొట్టువాడి చేతిలోనే పెట్టాం.
వాడు నవ్వాడు.
నవ్వుకి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత ముప్పై నాలుగు రోజులు నీళ్లే.
ఉల్లిపొట్టు, గుడ్డుపెంకు, అరటితొక్క
నేల కంటికి ఆననంత దూరంలో
గాలి పోయేవైపు నుంచి సముద్రానికి.
(గాలికెదురు విసిరినవాడు ఒక్కసారే విసురుతాడు.)
తక్కినదేదీ పడవ దిగదు.
ప్లాస్టిక్ ఉప్పునీళ్లలో కడుగు,
తాడుకి గుచ్చి ఆరబెట్టు,
కత్తిరించు, సీసాలోకి కూరు,
గరిటెకాడతో అదుము.
రాత్రికాపలాలో నా పని అదే.
నక్షత్రాల గురించి చెప్పమంటారు అందరూ.
నాకు గుర్తున్నది కత్తెర చప్పుడు.

టూనా డబ్బా ఒకటి మాత్రం
పందొమ్మిదో రోజున చేయి జారింది.
జారిందనే రాశాను లాగ్‌బుక్కులో.
యోరిస్ చదివాడు. ఏమీ అనలేదు.
ఆ రాత్రి అన్నంలో ఉప్పు తక్కువైనా అడగలేదు.

దారంతా కలిపి ఐదు సీసాలు.
పగడపు దిబ్బ సందులోంచి
పోటు ఆగే వేళ చూసుకుని లోపలికొచ్చి
లంగరేసి, ఐదింటినీ చంకనపెట్టుకుని
చుట్టాలింటికి వెళ్లినట్టు జెట్టీ ఎక్కాం.

అక్కడ నీలం పీపా ఉంది.
పీపా పక్కన తూరియా ఉంది,
మోచేతుల దాకా చేప పొలుసులతో.
"అది మా పీపా" అంది.
"ఓడ మూడు వారాలకోసారి వస్తుంది.
ఎండుకొబ్బరి ఎక్కించుకుంటుంది, చెత్త ఎక్కించుకోదు.
చర్చి వెనక గొయ్యి తీసి కాలుస్తాం.
దక్షిణపు గాలి తిరిగితే పొగంతా బడి కిటికీలోకి.
ఈ కొసనుంచి ఆ కొసకి
ఒక్క చుట్ట కాలేలోపు నడుస్తాను నేను.
మీకు అవతల ఉంది.
నాకేది అవతల?"

అవతల పారేయ్ అంటాం,
ఎంత తేలిగ్గా వస్తుందో నోట్లోంచి.
దులుపుకున్నది ఎక్కడ రాలుతుందో
చేతులకేం తెలుసు.

సీసాలు వెనక్కి. యోరిస్ చెవులు ఎర్రగా.

చీకటిపడ్డాక తూరియానే తెడ్డేసుకుంటూ వచ్చింది.
మూతలున్న గాజుసీసాలు ఉన్నాయా అంది.
ఏడు ఇచ్చాం.
అప్పుడు తన దోనె అడుగునుంచి
ఒక బియ్యం గోనె లేపింది, రెండు చేతులా.
చచ్చిన బ్యాటరీలు: టార్చిలైట్లవి, రేడియోలవి,
ఊరందరివీ, ఎన్నేళ్లవో.
"పపీతేలో తీసుకుంటారట.
ఐదు సీసాల్లో సర్దుకున్నవాళ్లు, మీకు చోటుండదా?"

పదకొండు కిలోలు. యోరిస్ తూచాడు, గొణిగాడు,
పక్క కింద దాచిన తన బీరంతా బయటికి తీశాడు.
ఆ రాత్రే తాగాల్సొచ్చింది, తూరియా సాయంతో.
నలిపిన డబ్బాలు పద్నాలుగు. అవీ మావే.

ఇప్పుడు ఒడ్డు కనబడటం లేదు.
పడవ ఒరిగినప్పుడల్లా
నా వెన్నుకింద ఒక ఊరి రేడియోలు దొర్లుతున్నాయి.
నిద్ర పట్టక లాగ్‌బుక్ తీశాను.
పందొమ్మిదో రోజు.
జారింది కొట్టేసి
పారేశాను అని రాశాను.
అక్కడ లోతు నాలుగు వేల మీటర్లు.
అవతల కాదు.
కింద.