ఈ అక్షరం ఎక్కడుంది

మారతహళ్లి వంతెన దిగగానే
కబాబు బండికీ పీజీ మెట్లకీ మధ్య
ఆరడుగుల కొట్టు నాది.
జెరాక్సు రెండు రూపాయలు, రెజ్యూమె నలభై,
తప్పులు దిద్దితే ఇంకో పది.
సాయంత్రం ఏడయితే అందరూ మన పిల్లలే.
కదిరి, నంద్యాల, పొదిలి, రాయచోటి.
తడి తలలు, ఇస్త్రీ లేని చొక్కాలు,
గుప్పిట్లో పెన్‌డ్రైవు
తాయెత్తు పట్టుకున్నట్టు.

ఓబుళేసు తెచ్చిన కాగితంలో మూడో వరుస:
ఐ యామ్ అడాప్ట్ ఇన్ జావా.

"ఓ కొట్టినావు నాయనా.
ఓ పెడితే దత్తత.
జావా నిన్ను పెంచుకుంటానని చెప్పిందా?
ఏ పెడితే సర్దుకుపోవడం.
ఈ ఊళ్లో అందరం చేసేదే, రాసుకోనక్కర్లేదు.
ఇక్కడ ఈ పెట్టాల. అడెప్ట్.
వెనకాల ఇన్ కాదు, యాట్."

వాడు నవ్వలేదు.
"అరవై కంపెనీలకు పోయిందక్కా ఇది."
కాసేపాగి,
"అడెప్ట్ అంటే ఏందక్కా?"

పదకొండేళ్లలో ఎన్ని వేలసార్లు కొట్టానో ఆ మాట.
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

నిష్ణాతుడు, అన్నాను,
హిందూపురం బళ్లో తెలుగు సారు గుర్తొచ్చి.
నిండా మునిగి స్నానం చేసి లేచినవాడట.
"మా పీజీలో మనిషికి ఒక బకెట్టే అక్కా."
కుశలుడు: వేలు తెగకుండా దర్భ కోసుకొచ్చేవాడు.
ప్రవీణుడు: వీణ మీద గట్టివాడు.
దర్భ ఎరగని ఇంటివాడు, వీణ ముట్టనివాడు
నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు
ఇంకేమైనా చిన్న సైజు ఉందా అన్నట్టు.

చెయ్యి తిరిగినోడు, అన్నాను చివరికి.
"అది వంటోళ్లను కదా అంటారు."

అప్పుడే మిషను
ఎవరిదో పదో తరగతి మార్కుల కాగితం మింగి
ఎర్ర దీపం వెలిగించుకుని కూర్చుంది.
నేను తిట్టడం మొదలుపెట్టాను, అది నా పద్ధతి.
"జరగక్కా," అని వాడు పక్క తలుపు తీశాడు.
కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, ఐదువందల నంబరు బస్సు మీద.
రెండు వేళ్లు మాత్రం లోపలికెళ్లాయి.
ఆకుపచ్చ మీట వదులు చేసి
రోలరును వెనక్కి అరచుట్టు తిప్పి
నిద్రపోతున్న బిడ్డ కిందనుంచి దుప్పటి లాగినట్టు
కాగితం తీసి చేతిలో పెట్టాడు.
ఒక్క మూల కూడా నలగలేదు.

"ఎక్కడ నేర్చినావు?"
"ధర్మవరంలో. ఒకన్న కొట్లో, డిగ్రీ మూడేళ్లూ."
"రాద్దామా మరి ఇది?"
"వద్దక్కా. అది పని.
స్కిల్ కాదు."

నాకు జవాబు తట్టలేదు.
రాత్రి హూడి దాకా బస్సులో నిలబడి వెతికాను.
దొరికిందనుకున్నది
దిగేసరికి పాతబడిపోయింది.

కానీ అంతకుముందు ఇంకోటి జరిగింది.
"నేనే దిద్దుకుంటానక్కా," అని
నా కుర్చీలో కూర్చున్నాడు ఓబుళేసు.
నా కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి,
వాడిది చూసి కొట్టే చెయ్యి.
నల్లటి బోడి మీటల మీద చూపుడువేలు
పిట్టలాగా తచ్చాడింది.
"అక్కా, ఈ అక్షరం ఎక్కడుంది?"

చెప్పబోయాను.
తెలియలేదు.
నిజంగా తెలియలేదు.
పై వరుసా, మధ్య వరుసా,
ఎవరైనా ఇల్లు ఎక్కడని అడిగితే
మన వీధి పేరు మరిచిపోయినట్టు.

రెండు చేతులూ గాలిలో పెట్టి
లేని కీబోర్డు మీద ఆ మాట కొట్టి చూశాను.
మూడో అక్షరానికి
ఎడమచేతి నడిమివేలు
తనంతట తాను కొంచెం పైకి లేచింది.

"అదిగో," అన్నాను
వేలు చూపించిన వైపు
నేనూ వాడితోపాటే చూస్తూ.