పాలు విరిగాయి

సిరిపురం సూపర్ మార్కెట్లో
చల్లటి అరల దగ్గర నా డ్యూటీ.
మే నెల్లో అందరూ నన్ను చూసి కుళ్ళుకుంటారు,
డిసెంబరులో నా వేళ్ళ సంగతి ఎవరూ అడగరు.

ఆవిడ మంగళవారాలు వచ్చేది.
పరవాడ మందుల కంపెనీలో ఏవో యంత్రాలు బిగించడానికి
ఎనిమిది నెలల కాంట్రాక్టు మీద దిగింది.
పేరు మనానా. దేశం జార్జియా.
"అమెరికాలోది కాదు" అని
నేను అడక్కముందే చెప్పేసేది.

చీజు డబ్బా తీసేది, తిప్పేది,
నేను అంటించిన ధర చదివేది,
నిద్రపోతున్న పక్కింటి బిడ్డని తిరిగిచ్చినట్టు
చప్పుడు కాకుండా అక్కడే పెట్టేసేది.
రెండొందల గ్రాములు. ఆరొందల ఎనభై.
చౌకవి లేకపోలేదు, రేకు కాగితంలో చుట్టిన చదరాలు.
ఒకటి కొని, కౌంటరు దాటకుండానే కొరికి
"సబ్బు" అంది.
సబ్బులు మూడో వరసలో అని చూపించాను.
అప్పుడు నవ్వింది, మొదటిసారి.

ఒకరోజు ఫోన్లో ఏదో వెతుక్కుని
గొప్పగా, తెలుగులోనే అడిగింది:
"జున్ను?"
నిఘంటువు అలాగే చెప్పిందట.
నాకు ప్రాణం లేచొచ్చింది.
మా పెద్ద గేదె ఈని అప్పటికి రెండో రోజు.
మర్నాడు స్టీలు క్యారేజీలో
బెల్లం, మిరియం వేసి అమ్మ ఆవిరిపెట్టిన జున్ను తెచ్చిచ్చాను.
తింది. గిన్నె నాకింది. మూత కూడా నాకింది.
"చాలా బాగుంది. కానీ ఇది జున్ను కాదు."

మా అమ్మ జున్నుని
జున్ను కాదన్న మనిషిని
నేను అంతవరకూ చూళ్ళేదు.

రెండు వారాలాగి, ఆదివారం,
సింహాచలం బస్సెక్కించి అడవివరం తీసుకెళ్ళాను.
పాకలో గేదెలకి ముందు నమస్కారం పెట్టింది,
తర్వాత అమ్మకి.
"ఈయమ్మకి ఏటి కావాలే?"
పాలు విరగాలమ్మా.
"ఓలమ్మ! పొద్దున్నే ఇదేటి మాట?"

నిమ్మకాయ పిండబోతే చేయి అడ్డం పెట్టింది.
పెరట్లో అంజూరపు ఆకు తుంచి
తొడిమ నుంచి కారే తెల్ల బొట్లు
గోరువెచ్చటి పాలలో రాల్చింది.
కొండ మీద వాళ్ళమ్మమ్మ అలాగే చేసేదట.
"చెట్టుకీ పాలే, గేదెకీ పాలే"
అమ్మ ఎవరికీ కాకుండా అనుకుంది.

మొదటిసారి చేదు, వేపపుల్ల నమిలినట్టు.
రెండోసారి బాగానే కుదిరింది గానీ
మా ఊరి ఉక్కకి మూడో రోజుకే పచ్చటి బూజు.
అమ్మ గేదెల వంక చూసి
క్షమాపణ లాంటిదేదో గొణిగింది.

మూడోసారి, గడ్డకట్టిన ముద్దని వేణ్ణీళ్ళలో ముంచి,
వేళ్ళు కాలుతున్నా వదలకుండా,
చలిమిడి సాగినట్టు సాగదీసి, మడిచి, సాగదీసి,
రాళ్ళుప్పు నీళ్ళలో వేసింది.
దాని పేరు సులుగునట.

మా ఇంట్లో పాలు విరిగితే
పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడరు.
ఆ పూట వ్యాపారం పోయినట్టే, టీ పోయినట్టే.
పాలు విరిగినందుకు
చప్పట్లు కొట్టిన మనిషిని
మా పాక మొదటిసారి చూసింది.

ఏడు లీటర్ల పాలు, ఒక కిలో ముద్ద.
అమ్మ వేళ్ళు ముడుస్తూ లెక్క కట్టింది:
పాలు, పుల్లలు, ఉప్పు,
"నా రెక్కలు కూడా రాయే", ఆరొందలు.
మా షాపులో ఆ డబ్బుకి
రెండొందల గ్రాములు రావు.
మనానా రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది,
తక్కువ తీసుకుంటున్నారేమో అన్నట్టు.

ఇప్పుడు మంగళవారాలు రొట్టె మాత్రం కొంటుంది.
గడువు దగ్గరపడ్డ చీజుకి
సగం ధర కాగితం అంటిస్తూ నేనుంటే
వెనక నుంచి కన్ను కొట్టి పోతుంది.

అమ్మ ఇంకా దానికి పేరు పెట్టలేదు.
"ఆయమ్మది" అంటుంది, అంతే.
నిన్న తెల్లారగట్ట లేచి చూస్తే
చోడంబలి గిన్నె ఒళ్ళో పెట్టుకుని
ఉల్లిపాయకి బదులు
ఆయమ్మది ఒక ముక్క నంజుకుంటోంది.
నన్ను చూసి
కొంగుతో మూతి తుడుచుకుంది.